పేజీ అడుగున మిగిలిన జాగాలో పల్లె

ఒక మనిషి ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతున్నాడు. వంతెన మీదుగా వెళ్తే సుంకం కట్టాలి. ఆ చిల్లర మిగుల్చుకుందామని నీళ్లలోకి దిగాడు. ఈలోగా గాలికి నెత్తిమీది టోపీ ఎగిరి ఏటిపాలైంది. మిగిలిన సుంకం కన్నా పోయిన టోపీ ఖరీదే ఎక్కువ. అరచేతిలో ఇమిడిపోయే ఈ బొమ్మను ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న న్యూకాజిల్ పట్నంలో థామస్ బ్యూయిక్ చెక్కబిళ్ల మీద చెక్కాడు. తన పక్షుల పుస్తకంలో ఒక పక్షి ముచ్చట ముగిసి పేజీ అడుగున జాగా మిగిలిన చోట దాన్ని పెట్టాడు. 1780ల నుంచి 1830ల దాకా సాగిన ఆ కాలాన్ని సాహిత్యంలో రొమాంటిక్ యుగం అంటారు. వర్డ్స్‌వర్త్ పల్లె మనుషుల బతుకునూ మాటనూ కవిత్వంలోకి తెచ్చిన కాలం, తర్వాత మన భావకవులు ఇష్టపడి చదువుకున్న కాలం అదే. ఆ యాభై ఏళ్లలో ఇంగ్లండ్‌లో పల్లె బొమ్మలు కుప్పలుగా అచ్చయ్యాయి. అయితే అద్దం కట్టి గోడకు తగిలించుకునే పెద్ద బొమ్మల్లో సుంకం ఎగ్గొట్టబోయి టోపీ పోగొట్టుకునే మనిషి కనబడడు. అక్కడ ఉండేది చెట్టు నీడ, గడ్డిబండి, గొర్రెల మధ్య నింపాదిగా కూర్చున్న కాపరి. ఈ తేడా ఎందుకని అడిగితే, చిత్రకారుడికి పేదల మీద ఉన్న ప్రేమ ఎక్కువా తక్కువా అన్నదాన్ని బట్టి చెప్పేస్తారు. అది సగం జవాబే. బొమ్మను ఏ పద్ధతిలో అచ్చువేశారు, ఏ పనిముట్టుతో చేశారు, అది కొనేవాడి కంటికి ఎక్కడ ఎదురుపడుతుంది అన్న సంగతులు కూడా పల్లె గురించి ఎంత నిజం చెప్పవచ్చో నిర్ణయించాయి. ఆ రెండో సగమే ఈ వ్యాసానికి విషయం.

ముందు ఆ పల్లెల సంగతి కొంత తెలియాలి. ఊరందరి పశువులూ మేసే ఉమ్మడి బీళ్లను పార్లమెంటు చట్టాలతో విడగొట్టి, కంచెలు వేసి, సొంత ఆస్తులుగా మార్చడం ఇంగ్లండ్‌లో శతాబ్దాల తరబడి నడిచింది. 1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి 68 లక్షల ఎకరాలు. అందులో పెద్ద భాగం 18వ శతాబ్దపు రెండో సగంలోనూ 19వ శతాబ్దం మొదట్లోనూ జరిగిపోయింది. ఒక ఆవునో నాలుగు బాతులనో బీటిలో మేపుకుని బతికే కుటుంబం ఒక్క కాగితంతో వట్టి కూలీ కుటుంబం అయింది. ఫ్రాన్సుతో యుద్ధాలు 1815లో ముగిశాక సైన్యం నుంచి వదిలేసిన సిపాయిలు పనుల్లేక రోడ్ల మీద పడ్డారు. 1830 ఆగస్టులో కెంట్ జిల్లాలో కూలీలు నూర్పిడి యంత్రాలను పగలగొట్టడం మొదలుపెట్టారు. గడ్డివాములు తగలబడ్డాయి. దక్షిణ ఇంగ్లండంతా అంటుకున్న ఆ అలజడి అణగేసరికి 19 మందిని ఉరితీశారు, 480 మందికి పైగా మనుషులను ఓడలెక్కించి ఆస్ట్రేలియా వైపు పంపేశారు. పట్నాల్లో కాస్త డబ్బు చేరిన మధ్యతరగతి ఇళ్లలో పల్లె బొమ్మల మీద మోజు పెరిగింది కూడా సరిగ్గా ఈ కాలంలోనే. తైలవర్ణ చిత్రం కొనగలిగినవాడు జమీందారు. మిగిలినవాళ్లకు అచ్చుబొమ్మే గతి. అందుచేత ఎక్కువమంది చూసిన పల్లె కుంచెతో వేసింది కాదు, చెక్కమీదా రాగిరేకుమీదా తయారైనది.

చెక్కకూ రేకుకూ మధ్య తేడా మనవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చును తీసుకుంటే, ఎత్తుగా మిగిలిన చోట రంగు అంటుకుంటుంది, చెక్కి తీసేసిన చోట బట్ట ఖాళీగా ఉంటుంది. చెక్కబొమ్మ పద్ధతి అదే. రాగిరేకు పద్ధతి దీనికి తలకిందులు: గీసిన గాడిలో సిరా నింపి, పైన శుభ్రంగా తుడిచి, తడి కాగితం పెట్టి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే గాడిలోని సిరా కాగితం మీదికి వస్తుంది. యూరప్‌లో చెక్కబొమ్మలు పాతకాలం నుంచీ ఉన్నాయి గాని, మానును నిలువునా కోసిన పలక మీద కత్తితో చెక్కేవారు గనుక గీతలు మోటుగా వచ్చేవి. బ్యూయిక్ పట్టుకున్న పద్ధతి వేరు. బాక్స్ అనే చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, దాని చెక్క అతి గట్టిది. దాని మానును అడ్డంగా కోసి, ఆ బిళ్ల ముఖం మీద రాగి చెక్కేవాళ్లు వాడే సన్నని ఉలితో పని చేశాడు. అడ్డకోతలో నార ఉలికి అడ్డుపడదు. ఎటు తిప్పితే అటు వెంట్రుక మందపు గీత తెగుతుంది. ఉలి తగిలిన ప్రతిచోటా కాగితం మీద తెల్లగీత పడుతుంది. అంటే చెక్కేవాడు నల్లటి దిమ్మలోంచి వెలుతురును బయటికి లాగుతున్నాడన్న మాట. దూరాన ఉన్న కొండ పలచగా కనబడాలంటే బిళ్లమీద ఆ భాగాన్ని ముందే కొద్దిగా గీకి పల్లం చేసేవాడు. అక్కడ ఒత్తిడి తగ్గి సిరా లేత బూడిదరంగులో పడేది. ఈ కిటుకులన్నీ పూర్తిగా ఆయన కనిపెట్టినవని చెప్పలేం. కానీ వాటితో ఏం చేయవచ్చో ఆయన చేసి చూపాకే ఇంగ్లండ్‌కు తెలిసింది.

బ్యూయిక్ 1753లో టైన్ నది దగ్గర చెర్రీబర్న్ అనే చోట కౌలురైతు ఇంట్లో పుట్టాడు. తండ్రి కొద్దిపాటి పొలం చేసుకుంటూ పక్కనే చిన్న బొగ్గుగని కూడా నడిపేవాడు. కొడుకును 14వ ఏట, 1767లో, న్యూకాజిల్‌లో రాల్ఫ్ బీల్బీ అనే నగిషీ పనివాడి దగ్గర శిష్యుడిగా చేర్చాడు. బాకీ బిల్లులు, వెండి చెంచాల మీద పేర్లు, దుకాణాల చీటీలు చెక్కిన ఆ చేతులే తర్వాత 1790లో నాలుగుకాళ్ల జంతువుల పుస్తకాన్నీ, 1797లోనూ 1804లోనూ రెండు సంపుటాల బ్రిటిష్ పక్షుల పుస్తకాన్నీ తెచ్చాయి. అచ్చు పని తెలిసినవాళ్లకు ఇక్కడ అసలు కీలకం వెంటనే తడుతుంది. రాగిరేకు బొమ్మను అక్షరాలతో కలిపి అచ్చువేయడం కుదరదు. దానికి వేరే యంత్రం, వేరే కాగితం, వేరే ఖర్చు. చెక్కబిళ్ల సీసపు అక్షరాలంత ఎత్తే ఉంటుంది గనుక వాటి పక్కనే బిగించి ఒకే దెబ్బకు అచ్చువేయవచ్చు. తెలుగు పత్రికలు లెటర్‌ప్రెస్‌లో అచ్చయిన రోజుల్లో ఫోటో బ్లాకును కంపోజింగ్ మధ్యలో బిగించిన పద్ధతి కూడా ఇదే. పైగా బాక్స్ చెక్క అరగదు. ఒక వార్తాపత్రిక కోసం చెక్కిన బిళ్లతో తొమ్మిది లక్షలకు పైగా ప్రతులు తీశారని బ్యూయిక్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. కాబట్టి పేజీలో కాస్త జాగా మిగిలితే అక్కడ ఒక బొమ్మ పెట్టడానికి అయ్యే అదనపు ఖర్చు ఒక చెక్కముక్క, ఒక సాయంత్రపు శ్రమ. ఆ బొమ్మకు విడిగా ధర లేదు, పేరు లేదు. విడిగా కొనేవాడూ లేడు. పుస్తకం కొన్నవాడు కొన్నది పక్షులను.

ఆ ధరలేని జాగాలో బ్యూయిక్ ఏం పెట్టాడో చూడండి. మంచు కమ్మిన పాడుబడ్డ గుడిసె ముందు మేత దొరకక పాత చీపురును నములుతున్న తల్లిగొర్రె. ఎముక కొరుకుతున్న ముసలి సిపాయి, ఆ ఎముక మీదే చూపు నిలిపిన కుక్క. గాలికి ఒళ్లు వంగిపోతుండగా కుక్క తాడు పట్టుకుని ఇరుకు వంతెన దాటుతున్న గుడ్డివాడు. కొన్ని బొమ్మల్లో దూరాన, కొండ అంచున, ఎవరూ ప్రత్యేకంగా చూపించనట్టు, ఒక ఉరికొయ్య. బాతుల గుంపు తరుముతుంటే పరుగెత్తే ఆడమనిషి. సమాధిరాళ్ల మీద గుర్రపు స్వారీ ఆడుకునే పిల్లలు. వీటిలో సానుభూతి కోరే బొమ్మ ఒక్కటీ లేదు. ముసలి సిపాయి మనవైపు చేయి చాచడు. గుడ్డివాడి ముఖం మీద దైవభక్తి మెరవదు. ఎవరి అవస్థ వారిదే, ఎవరి పని వారిదే. ఇది చిత్రకారుడి మనసు వల్లనే వచ్చిందని అనుకోవచ్చు. నిజమే, ఆ మనసు లేకపోతే వచ్చేది కాదు. కానీ ఇదే సిపాయిని ఒక చదరపు అడుగు రేకు మీద చెక్కి, పేరు పెట్టి, దుకాణం అద్దం వెనక తగిలించి ఉంటే ఏమయ్యేది? కొనబోయేవాడు దాన్ని తన భోజనాల గదిలో ఊహించుకునేవాడు. అమ్మేవాడికి ఆ సంగతి ముందే తెలుసు గనుక సిపాయి చేతిలో ఎముక బదులు రొట్టె ఉండేది, పక్కన దయగల పాప ఒకతి ఉండేది. ఆ కాలపు రంగుబొమ్మలు ఒక వంద తిరగేస్తే ఇలాంటి పాపలు చాలామంది ఎదురవుతారు.

ఇవి వట్టి నవ్వులాట బొమ్మలు, వాటిలో మీరు సామాజిక సత్యం వెతుకుతున్నారు అని ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. బ్యూయిక్‌కు మోటుహాస్యం దండిగా ఉన్న మాట వాస్తవం. గోడకు ఒంటికి పోసే మనిషి ఆయన పుస్తకాల్లో ఉన్నాడు. దొడ్డికి కూర్చున్నవాడూ ఉన్నాడు. పక్షుల మొదటి సంపుటంలోని ఈ రెండోవాడి కథ మన చర్చకు బాగా పనికొస్తుంది. పుస్తకం బయటికి వచ్చాక మర్యాదస్తులకు అది ఇబ్బంది కలిగించినట్టుంది, తర్వాతి ప్రతుల్లో ఆ చోట సిరా పులిమారు. ఇంకా తర్వాత కూర్చున్నవాడికి అడ్డంగా చెక్కలు కొట్టినట్టు బిళ్లనే సవరించారు. అంటే పేజీ అడుగు జాగా మీద ఎవరి కన్నూ పడలేదని కాదు. పడింది, అక్కడ కత్తెర కూడా ఆడింది. అయితే ఆ కత్తెర దేనికి తగిలిందో గమనించాలి. మర్యాదకు అడ్డొచ్చిన వెనకభాగానికి చెక్కలు కొట్టారు. ఉరికొయ్యకు కొట్టలేదు, చీపురు నమిలే గొర్రెకు కొట్టలేదు, ఎముకకు కొట్టలేదు. నవ్వూ ఆకలీ ఒకే పేజీలో, ఒకే సైజులో, ఏది ముఖ్యమో చెప్పకుండా పక్కపక్కన ఉండగలగడమే ఈ చిన్న బొమ్మల బలం. విడిగా అమ్ముడయ్యే పెద్ద బొమ్మకు ఆ వీలు లేదు. అది హాస్యమో విషాదమో అమ్మకం ముందే తేలిపోవాలి.

ఇక రేకుల సంగతికి వద్దాం. ఆక్వాటింట్ అనే పద్ధతిలో రాగిరేకు మీద గుగ్గిలం పొడి చల్లి, వేడిచేసి అంటించి, ఆమ్లంలో ముంచుతారు. పొడి రేణువుల చుట్టూ ఆమ్లం తినేసిన సన్నని గుంటల్లో సిరా నిలిచి నీటిరంగు పూసినట్టు చదునైన ఛాయ పడుతుంది. పైన చేత్తో రంగులు వేస్తే దాదాపు నీటిరంగు చిత్రమే. కొండలూ సెలయేళ్లూ శిథిలాలూ చూసివచ్చే యాత్రలకు అప్పట్లో గొప్ప మోజు. దానికి గురువులాంటి విలియం గిల్పిన్ 1782లో వై నది యాత్ర పుస్తకాన్ని ఆక్వాటింట్లతోనే వేయించాడు. పనిచేసే మనిషి కంటే ఖాళీగా నిలబడ్డ పల్లెటూరివాడే ప్రకృతి దృశ్యానికి అందం అని ఆయన అభిప్రాయం. స్వయానా పాదిరీ అయ్యుండి ఆ మాట అన్నాడు, నీతిశాస్త్రం ప్రకారం అది సరికాదని ఒప్పుకుంటూనే. విలియం హెన్రీ పైన్ 1803లో మొదలుపెట్టి భాగాలుగా వెలువరించిన ‘మైక్రోకాజమ్’ ఇంకా ఆసక్తికరం. అందులో దున్నేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, బొగ్గు మోసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు వెయ్యికి పైగా చిన్న గుంపులుగా ఉన్నారు. పనిని పైన్ జాగ్రత్తగానే చూశాడు; ఏ బండికి ఎన్ని కమ్మీలో, ఏ పనిముట్టు ఎలా పట్టుకుంటారో ఆ పేజీల్లో దొరుకుతుంది. కానీ ఈ గుంపులు దేనికి పనికొస్తాయో పుస్తకం తన అట్టపేరులోనే చెప్పేసింది: ప్రకృతి దృశ్యాలకు అలంకారంగా. బొమ్మ గీసేవారు తమ కొండ పక్కన ఇందులోంచి ఒక కూలీని తెచ్చి నిలబెట్టుకోవచ్చు. ఏ ఊరి కూలీ, ఎవరి పొలం అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు.

మెజోటింట్ కథ దీనంత తేలిక కాదు. పళ్లున్న వంపు బ్లేడును రేకు మీద అటూ ఇటూ వేలసార్లు ఊపి రేకునంతా గరుకు చేస్తారు. ఆ స్థితిలో అచ్చువేస్తే కాగితం మీద మఖమల్ లాంటి నలుపు తప్ప ఏమీ పడదు. ఎక్కడ వెలుతురు కావాలో అక్కడ గరుకును గీకి నునుపు చేస్తూ పోతారు. బ్యూయిక్ పద్ధతిలో లాగే ఇక్కడా చీకట్లోంచి వెలుగు పుడుతుంది, అయితే అది గీతగా కాక ఛాయగా పుడుతుంది. జార్జ్ మోర్లాండ్ వేసిన పశువుల పాకలు, సారాయి దుకాణాలు, గుడిసె ముంగిళ్లు ఆయన బావమరిది విలియం వార్డ్ చేతుల్లో ఈ పద్ధతిలో అచ్చయి విపరీతంగా అమ్ముడయ్యాయి. రాగి త్వరగా అరిగిపోతుంది. 1820ల నుంచి ఉక్కు రేకులు వచ్చాక ఎక్కువ ప్రతులు తీయడం సాధ్యమైంది. ఆ ఉక్కు మీదే జాన్ కానిస్టబుల్ తన చిత్రాలను డేవిడ్ లూకాస్ అనే యువకుడితో చెక్కించాడు. లూకాస్ నార్తాంప్టన్‌షైర్ రైతు కుటుంబంవాడు. 1830 నుంచి 1832 దాకా ఐదు భాగాలుగా 22 బొమ్మలతో ‘ఇంగ్లిష్ ల్యాండ్‌స్కేప్’ వెలువడింది. కానిస్టబుల్ ప్రతి నమూనా ప్రతి మీదా పెన్సిల్‌తో, తెల్లరంగుతో దిద్ది తిప్పి పంపేవాడు. ఒక మబ్బు కోసం లూకాస్ మళ్లీ మళ్లీ రేకు గీకాల్సి వచ్చేది. అంత పాటుపడ్డా బొమ్మలు అమ్ముడుపోలేదు.

ఆ బొమ్మల్లో మనుషుల్ని వెతకండి. ఉన్నారు, కానీ ఎంతెంత! పడవ నడిపేవాడు ఒక తెల్లని చుక్క, పొలంలో నాగలి పట్టినవాడు ఒక మసక. మెజోటింట్‌లో ఛాయ నుంచి ఛాయకు జారిపోవడం సులువు. ఒక మనిషి చొక్కా చిరుగు దగ్గర ఆగడం కష్టం. చెక్కబిళ్ల మీద ఉలి పట్టినవాడికి ఆ జారుడు లేదు, ప్రతి గుండీకి ఒక కోత వేయాలి, వేయకూడదనుకుంటే అదీ ఒక నిర్ణయమే. కానిస్టబుల్‌కు పల్లె అశాంతి తెలియక కాదు. సఫోక్‌లోని తన సొంత ప్రాంతంలో రాత్రిపూట మంటలు లేస్తున్నాయని 1822లో మిత్రుడు ఫిషర్‌కు రాశాడు. తండ్రి మిల్లుల యజమాని, ధాన్యం వ్యాపారి. వాములు తగలబడటం అంటే ఏమిటో ఆ ఇంటికి బాగా తెలుసు. అది బొమ్మల్లోకి రాలేదు. పేదలను ఎంత దూరంలో, ఎంత నీడలో నిలబెడితే ధనికులకు ఇబ్బంది లేకుండా ఉంటుందో ఆ కాలపు చిత్రకారులు లెక్కవేసుకున్నారని సాహిత్య విమర్శకుడు జాన్ బారెల్ 1980లో వెలువడిన తన పుస్తకంలో గట్టిగా వాదించాడు. గెయిన్స్‌బరో, మోర్లాండ్, కానిస్టబుల్ ముగ్గురూ ఆ చర్చలో ఉన్నారు. బారెల్ వాదనతో నాకు చాలావరకు పేచీ లేదు. అయితే లూకాస్ రేకులకు ఒక న్యాయం చేయాలి. తైలవర్ణాల్లో మెరిసే ఎండ ఆ రేకుల్లో దాదాపు లేదు. వాన ముంచుకొస్తున్న మబ్బు, చీకటి మింగుతున్న తోపు, ఒక్క చీలికలోంచి పడే వెలుతురు. గడ్డి కోసి ఆరబెట్టినవాడు ఆకాశం వైపు ఎలా చూస్తాడో అలా చూసిన బొమ్మలవి. వ్యవసాయంలో సగం బతుకు మబ్బు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సగాన్ని చెప్పడానికి మెజోటింట్‌ను మించిన పద్ధతి లేదు, బ్యూయిక్ ఉలికి అది అందేది కాదు. మిగతా సగం, అంటే కూలి, కంచె, సుంకం, అక్కడ మాయమైంది.

ఇక అసలు అభ్యంతరం: ఇదంతా మనిషిని బట్టే కదా, పనిముట్టు ఏం చేస్తుంది? బ్యూయిక్ కౌలురైతు కొడుకు, పాలకులంటే గిట్టనివాడు. తన ఊరి బీడును 1812లో పంచేయడం మీద ఆత్మకథలో కోపంగా రాశాడు. కానిస్టబుల్ మిల్లు యజమాని కొడుకు, ఎన్నికల సంస్కరణలంటే భయపడ్డవాడు. ఇద్దరూ సాధనాలు మార్చుకున్నా ఎవరి పల్లె వారిదే అవుతుందని అనవచ్చు. ఈ మాటకు బలం చేకూర్చే సాక్ష్యం నేనే ఇస్తాను. 1821లో డాక్టర్ థార్న్‌టన్ అనే ఆయన బడిపిల్లల కోసం వేసిన రోమన్ కవి వర్జిల్ పుస్తకం మూడో కూర్పుకు విలియం బ్లేక్ 17 చెక్కబొమ్మలు చెక్కాడు. అదే బాక్స్ చెక్క, అదే ఉలి, అదే తెల్లగీత. పల్లె మాత్రం పూర్తిగా వేరు: వెన్నెల్లో ఇద్దరు కాపరులు, తుఫానుకు నేలకొరిగిన పైరు, ఒంటరి బాట. బ్లేక్ గీతలు ఎంత మోటుగా ఉన్నాయంటే తోటి నగిషీవాళ్లు ఎగతాళి చేశారు. థార్న్‌టన్ కూడా పాఠకులకు సంజాయిషీలాంటి మాట ఒకటి పక్కన అచ్చువేయించాడు. పేజీలో పట్టడం కోసం బిళ్లల అంచులు కోసేశారు కూడా. కాబట్టి చెక్కబిళ్ల తనంతట తానే నిజం పలికించదని ఒప్పుకోవలసిందే. అయినా ఒకటి చూడాలి. బ్లేక్ బొమ్మలు పేజీ అడుగున ఎవరూ అడగకుండా చేరినవి కావు. అవి పుస్తకంలో ముఖ్యమైన బొమ్మలు, డబ్బిచ్చినవాడు కళ్లజోడు పెట్టుకుని పరీక్షించినవి, పద్యంలోని వరసకు కట్టుబడినవి. నా వాదన చెక్క గురించి కాదు, చెక్క వల్ల సాధ్యమైన జాగా గురించి. అక్షరాలతో పాటు చౌకగా అచ్చవుతుంది గనుక, కొనేవాడి ఇష్టంతో పనిలేని ఒక మూల పుట్టింది. ఆ మూలలో ఏం పెట్టాలన్నది మనిషే తేల్చుకోవాలి.

అలాంటి స్వేచ్ఛ దొరికి దాన్ని ఇంకోలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. బ్లేక్ చెక్కబొమ్మలను పూజగా చూసిన శామ్యూల్ పామర్, ఎడ్వర్డ్ కాల్వర్ట్, మరికొందరు యువకులు కెంట్‌లోని షోరమ్ పల్లె చుట్టూ చేరారు. కాల్వర్ట్ 1827 నుంచి 1831 దాకా చెక్కిన చిట్టి బొమ్మల్లో దున్నేవాడు, పెళ్లికూతురు, ఆపిల్ సారా పండగ. నగిషీ పనిలో వాటికి సాటి వచ్చేవి ఎక్కువ లేవు. వాటికీ పెద్దగా కొనేవాళ్లు లేరు, స్నేహితుల మధ్య పంచుకున్నవే ఎక్కువ. అంటే అంగడి ఒత్తిడి వాళ్లకూ లేదు. అయినా ఆ కెంట్‌లోనే వాములు మండుతున్నప్పుడు వాళ్ల పల్లెలో పంట ఎప్పుడూ నిండుగానే పండింది, కాపరి ఎప్పుడూ వేణువు పట్టుకునే ఉన్నాడు. మంటలు కనబడలేదని కాదు: 1832 ఎన్నికల్లో పామర్ స్వయంగా కరపత్రం అచ్చువేయించి సంస్కరణవాదులకు ఓటు వేయొద్దని ఓటర్లను హెచ్చరించాడు. పల్లె ఆయనకు పరలోకపు నీడ. ఆ నీడ మీద మసి పడటం సహించలేకపోయాడు. ఖాళీ జాగా ఉంటే చాలు నిజం దానంతట అదే వచ్చి కూర్చుంటుందన్న భ్రమ ఎవరికైనా ఉంటే షోరమ్ దాన్ని పోగొడుతుంది. జాగా అవసరం, అదొక్కటే చాలదు. నా వాదనను ఈ మేరకు తగ్గించుకోవడానికి నాకు ఇబ్బంది లేదు.

మరో అభ్యంతరం ఇంకా సూటిగా తగులుతుంది. బ్యూయిక్ పుస్తకాలు మాత్రం కూలీలు చదివారా? లేదు. అవి ఖరీదైన పుస్తకాలు, పాదిరీలూ వ్యాపారులూ చిన్న దొరలూ కొన్నవి. షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’ మొదట్లో ఆ పక్షుల పుస్తకం పట్టుకుని కిటికీలో కూర్చున్న పిల్ల కూడా పేదదైనా ఉన్నవాళ్ల ఇంట్లోనే ఉంది. ఈ సంగతి బ్యూయిక్‌కు తెలుసు, బాధించింది కూడా. తన చిన్నతనంలో రైతుల ఇళ్ల గోడలకూ గుడిసెల గోడలకూ పెద్ద పెద్ద మోటు చెక్కబొమ్మలు అంటించి ఉండేవనీ, అవి మాయమైపోయాయనీ ఆత్మకథలో విచారించాడు. చివరి ఏళ్లలో వాటిని మళ్లీ తేవాలని ఒక పని తలపెట్టాడు. అప్పటిదాకా అరచేతి బొమ్మలు చెక్కిన మనిషి, గుడిసె గోడకు సరిపోయే పెద్ద చెక్కబొమ్మ మొదలుపెట్టాడు: వానలో, మొండి చెట్టు పక్కన, ఎముకలు తేలి నిలబడ్డ ముసలి గుర్రం. ‘చావు కోసం ఎదురుచూపు’ అని దాని పేరు. యుద్ధంలోనూ బండికీ పనిచేసి పనిచేసి పారేయబడ్డ జంతువు అది. జంతువుల మీద క్రూరత్వాన్ని మాన్పించడానికి 1824లో ఏర్పడ్డ సంఘానికి అంకితమిస్తూ చౌకగా అమ్మాలనుకున్నాడు. పేజీ అడుగు జాగాలో ఇన్నాళ్లు సాగిన చూపు, ఎవరి గురించి సాగిందో వాళ్ల గోడమీదికి చేరగలదా అన్నది ఆ బొమ్మతో తేలాల్సింది. 1828 నవంబరులో, బొమ్మ పూర్తికాకముందే, 75వ ఏట బ్యూయిక్ పోయాడు. కొడుకు రాబర్ట్ దాన్ని ఉన్నదున్నట్టే 1832లో అచ్చువేశాడు.

చెక్కబొమ్మ పేదల ఇళ్లకు చేరింది మాత్రం అదే ఏడాది, ఇంకో దారిన. 1832 మార్చి 31న ప్రచురణకర్త చార్లెస్ నైట్ ‘పెన్నీ మ్యాగజైన్’ మొదలుపెట్టాడు. ధర ఒక పెన్నీ, వారం వారం వెలువడేది, అక్షరాల మధ్య చెక్కబొమ్మలు ఉండేవి. రెండు లక్షల ప్రతులు పోతున్నాయని వాళ్లు చెప్పుకున్నారు. బ్యూయిక్ దగ్గర పని నేర్చిన జాన్ జాక్సన్ వంటివాళ్లు దానికి బిళ్లలు చెక్కారు. చెక్క అదే, ఉలి అదే, చౌకదనం మునుపటికన్నా ఎక్కువ. కానీ బొమ్మ ఇప్పుడు పేజీ నెత్తిమీదికి ఎక్కింది, పత్రిక అమ్ముడయ్యేది దాన్ని చూసే. ఒకరు గీస్తారు, ఇంకొకరు ఆ గీతల చుట్టూ చెక్కుతారు, పైన సంపాదకుడు ఒప్పుకోవాలి. పత్రికను వెలువరించిన సంఘం పార్టీ రాజకీయాలనూ మత వివాదాలనూ దగ్గరికి రానీయకూడదని ముందే నియమం పెట్టుకుంది. పాఠకులకు పెద్ద చర్చిలు, విదేశీ జంతువులు, రాఫెల్ చిత్రాల నకళ్లు అందాయి. రెండేళ్ల కిందట కెంట్‌లో గడ్డివాములు ఎందుకు మండాయన్నది ఆ నియమం ప్రకారం ఆ పత్రిక అడగాల్సిన ప్రశ్న కాదు.